14 నిక్స్‌ఓఎస్ సర్వర్లు, ఒకే ఫ్లేక్: డిప్లాయ్ చేస్తుంటే ఒకటి చేజారిపోయింది

#1 గోరువంక

అందరికీ నమస్కారం. నేను 14 మెషిన్లు చూసుకుంటున్నాను. అన్నిటిలోనూ నిక్స్‌ఓఎస్, అంటే సిస్టమ్ మొత్తాన్ని కాన్ఫిగరేషన్ ఫైళ్ల నుంచి కట్టే లైనక్స్. 9 వెబ్ సర్వర్లు, 3 డేటాబేస్‌లు, ఒక మానిటరింగ్, ఒక బ్యాకప్. కాన్ఫిగరేషన్ మొత్తం ఒకే గిట్ రిపోలో, ఒకే ఫ్లేక్‌లో (నిక్స్ ప్రాజెక్టు ఫైళ్ల కట్ట) ఉంది. డిప్లాయ్‌కి ఇన్నాళ్లూ వాడింది చిన్న షెల్ లూప్. హోస్టుల పేర్లు వరసగా తీసుకుని ఒక్కోదానికి టార్గెట్-హోస్ట్ ఆప్షన్‌తో నిక్స్‌ఓఎస్-రీబిల్డ్ స్విచ్ (కొత్త కాన్ఫిగరేషన్‌ని బిల్డ్ చేసి వెంటనే అమల్లో పెట్టే కమాండ్) నడుపుతుంది, అంతే.

మొన్న శుక్రవారం నెట్‌వర్క్ సెట్టింగులను పాత స్క్రిప్టుల పద్ధతి నుంచి సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ అనే సర్వీసుకి మార్చాను. 13 మెషిన్లలో నెట్‌వర్క్ కార్డు పేరు ఒకటే. బ్యాకప్ మెషిన్‌లో మాత్రం వేరు, అది నేను గమనించలేదు. బిల్డ్‌లో ఒక్క ఎర్రర్ రాలేదు. యాక్టివేషన్ మొదలైంది, టెర్మినల్ కదలకుండా నిలిచిపోయింది. కొత్త కాన్ఫిగరేషన్ ప్రకారం ఆ మెషిన్‌కి ఐపీ అడ్రసే లేదు! వరసలో దాని వెనక ఉన్న 5 మెషిన్లు లూప్ కదలక పాత వెర్షన్‌లోనే ఉండిపోయాయి.

పాత జనరేషన్, అంటే కిందటి సిస్టమ్ వెర్షన్, డిస్కు మీద భద్రంగా ఉంది. కానీ దాన్ని ఎంచుకోవాలంటే మెషిన్ ముందు మనిషి ఉండాలి. ఒకరు వెళ్లి, స్క్రీన్ తగిలించి, బూట్ మెనూలో కిందటి ఎంట్రీ ఎంచుకునేసరికి 6 గంటలు పట్టింది. అంతసేపూ బ్యాకప్‌లు లేవన్న టెన్షన్.

ఇంకోసారి ఇలా జరగకూడదు. మీరంతా ఎక్కువ మెషిన్లకు ఎలా డిప్లాయ్ చేస్తున్నారు? కోల్మెనా, డిప్లాయ్-ఆర్‌ఎస్, మార్ఫ్ అనే డిప్లాయ్ టూల్స్ పేర్లు విన్నాను. తేడా ఏమిటో వాడినవాళ్లు చెబితే బాగుంటుంది. పాస్‌వర్డులు, టోకెన్లు ప్రస్తుతం చేత్తో కాపీ చేస్తున్నాను, దానికీ దారి చెప్పండి.

#2 పాతకాపు

గోరువంక గారూ, ముందు టూల్ సంగతి పక్కన పెట్టి లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అది తెలిస్తే ఏ టూల్ కావాలో మీకే అర్థమవుతుంది.

ఏ టూల్ వాడినా మెట్లు అవే. మొదట కాన్ఫిగరేషన్‌ని ఇవాల్యుయేట్ చేస్తుంది, అంటే చదివి ఏమేం బిల్డ్ చేయాలో తేలుస్తుంది. తర్వాత బిల్డ్. బిల్డ్ అయిన సిస్టమ్‌నీ, అది ఆధారపడిన ప్రతి ప్యాకేజీనీ, అంటే మొత్తం క్లోజర్‌ని, ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషిన్‌లోకి లాగిన్ అయ్యే సురక్షిత దారి) మీదుగా అవతలి మెషిన్ నిక్స్ స్టోర్‌లోకి, అంటే ప్యాకేజీలన్నీ ఉండే డైరెక్టరీలోకి కాపీ చేస్తుంది. అక్కడ ఇప్పటికే ఉన్నవాటిని మళ్లీ పంపదు. ఇంతవరకూ నడుస్తున్న సిస్టమ్‌కి చీమ కుట్టినంత బాధ కూడా ఉండదు, మధ్యలో లైన్ తెగినా ఏమీ కాదు. ఆ తర్వాతే సిస్టమ్ ప్రొఫైల్‌ని కొత్త జనరేషన్ వైపు తిప్పి, యాక్టివేషన్ స్క్రిప్ట్ నడుపుతుంది. ప్రమాదమంతా ఈ చివరి కొద్ది సెకన్లలోనే.

మీకు జరిగింది చూడండి. 'స్విచ్' అన్నారు కాబట్టి యాక్టివేషన్‌కి ముందే ప్రొఫైల్ మారిపోయింది, బూట్‌లోడర్‌లో కూడా కొత్తదే డిఫాల్ట్ అయింది. అందుకే ఉత్త రీబూట్ చేసినా అదే తప్పుడు కాన్ఫిగరేషన్ పైకి వచ్చేది. అదే 'టెస్ట్' అని ఉంటే? కొత్త కాన్ఫిగరేషన్ యాక్టివేట్ అవుతుంది కానీ బూట్ డిఫాల్ట్ మారదు. కరెంటు తీసి పెట్టినా చాలు, పాతది లేచి వచ్చేది. స్క్రీన్, కీబోర్డు అవసరమే ఉండేది కాదు.

నెట్‌వర్క్, ఫైర్‌వాల్, ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులు ముట్టుకునేటప్పుడు నేను ఎప్పుడూ చేసే పని ఒకటి చెబుతాను. ముందు ఆ మెషిన్‌లో షట్‌డౌన్ కమాండ్‌తో 10 నిమిషాల తర్వాత రీబూట్ అయ్యేలా షెడ్యూల్ చేస్తాను. తర్వాత 'టెస్ట్'. కొత్త టెర్మినల్ తెరిచి మళ్లీ లాగిన్ అవుతాను. కుదిరితే ఆ రీబూట్‌ని రద్దు చేసి, అప్పుడు 'స్విచ్'. కుదరకపోతే చేతులు కట్టుకుని 10 నిమిషాలు ఆగితే చాలు, మెషిన్ తనంతట తానే పాత జనరేషన్‌లోకి వస్తుంది. ఏ టూలూ అక్కర్లేదు.

పాత కనెక్షన్ ఇంకా బతికే ఉందని నమ్మకండి, కొత్తగా లాగిన్ అయి చూడాలి. ఇప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లను కొత్త ఫైర్‌వాల్ రూల్స్ ఆపకపోవచ్చు.

#3 రాత్రి_డ్యూటీ

పాతకాపు గారు చేత్తో చేస్తున్న దాన్నే డిప్లాయ్-ఆర్‌ఎస్ తనంతట తాను చేస్తుంది. నేను రెండేళ్లుగా దాన్నే వాడుతున్నాను. దాని పేరు మ్యాజిక్ రోల్‌బ్యాక్.

పని తీరు ఇలా ఉంటుంది. యాక్టివేషన్ అవ్వగానే అవతలి మెషిన్‌లో ఒక చిన్న ఫైల్ పెట్టి కాచుకుని ఉంటుంది. మన కంప్యూటర్ కొత్త ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెరిచి ఆ ఫైల్‌ని తీసేయాలి. డిఫాల్ట్‌గా 30 సెకన్లు గడువు. ఆలోపు మనం చేరుకోలేకపోతే, ఆ మెషిన్ మన కోసం ఎదురుచూడకుండా కిందటి జనరేషన్‌ని తిరిగి యాక్టివేట్ చేస్తుంది. నిర్ణయం అవతలి మెషిన్‌లోనే జరగడం ఇందులో అసలు విషయం. దారి తెగిపోయాక మనం ఇక్కడి నుంచి ఏం చేయగలం?

రెండు జాగ్రత్తలు. ఎస్‌ఎస్‌హెచ్ అందుతోందా అన్నదొక్కటే అది చూస్తుంది. మీ వెబ్ సర్వర్ ప్రతి పేజీకీ 500 ఎర్రర్ ఇస్తున్నా దానికి పట్టదు. సర్వీసు స్టార్ట్ కాకుండా ఫెయిలైతే ఆటో రోల్‌బ్యాక్ అనే వేరే ఆప్షన్ ఉంది, లేచి నిలబడి తప్పుడు జవాబులు ఇచ్చేదాన్ని అదీ పట్టుకోదు. ఇక, మీరు కావాలనే ఐపీ మారుస్తుంటే ఆ ఒక్కసారికి మ్యాజిక్ రోల్‌బ్యాక్ ఆపాలి. లేదంటే పాత అడ్రసులో వెతికి, దొరకలేదని వెనక్కి తిప్పేస్తుంది.

#4 పాతకాపు

దానికి నాదొక చేర్పు. గోరువంక గారి మార్పు మామూలు సెట్టింగు కాదు, నెట్‌వర్క్‌ని నడిపే పద్ధతే మారింది. నడుస్తున్న మెషిన్‌లో ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి వెళ్లి మళ్లీ వెనక్కి వస్తే అడ్రసులు, రూట్లు అన్నీ అచ్చంగా మునుపటిలా ఉంటాయన్న భరోసా లేదు. ఇలాంటి వాటికి నేను 'బూట్' వాడతాను. అది ఇప్పుడేమీ యాక్టివేట్ చేయదు, వచ్చే రీబూట్‌కి కొత్తది సిద్ధం చేస్తుంది. కాకపోతే కన్సోల్ అందుబాటులో ఉన్నప్పుడు, ఒక్కో మెషిన్‌కే.

#5 గోరువంక

ఇద్దరికీ కృతజ్ఞతలు. 'టెస్ట్' సంగతి డాక్యుమెంట్‌లో చదివాను కానీ దూరంగా ఉన్న మెషిన్‌కి అది ఇంత ముఖ్యమని తట్టలేదు.

మరి కోల్మెనాలో మ్యాజిక్ రోల్‌బ్యాక్ లాంటిది లేదని విన్నాను, అయినా చాలామంది దాన్నే ఎందుకు ఇష్టపడుతున్నారు?

#6 పాతకాపు

నేను ఇష్టపడేవాళ్లలో ఒకణ్ని కాబట్టి చెబుతాను. అంతకు ముందు నిక్స్‌ఆప్స్ వాడాను. అందులో ఏ మెషిన్ ఏ స్థితిలో ఉందో ఒక ఎస్‌క్యూలైట్ ఫైల్‌లో రాసుకునేది. ఆ ఫైల్ ఎవరి కంప్యూటర్‌లో ఉంటే వాళ్లే డిప్లాయ్ చేయాలి. మా టీమ్‌లో ఆ ఫైల్ ఉన్న వ్యక్తి సెలవులో ఉండగా ఒక సెక్యూరిటీ ప్యాచ్ పెట్టాల్సి వచ్చింది, ఆ రోజు పడ్డ అవస్థ ఇప్పటికీ గుర్తుంది. కోల్మెనాకి అలాంటి స్టేట్ ఏదీ లేదు. రిపో, ఎస్‌ఎస్‌హెచ్ కీ ఉంటే టీమ్‌లో ఎవరైనా డిప్లాయ్ చేయగలరు.

ఇంకొకటి ట్యాగులు. 'వెబ్' ట్యాగ్ ఉన్నవాటికే, లేదా పేరు ఫలానా అక్షరాలతో మొదలయ్యేవాటికే పంపమని ఆన్ ఆప్షన్‌తో చెప్పొచ్చు. డిఫాల్ట్‌గా ఒకేసారి 10 మెషిన్లకు సమాంతరంగా పంపుతుంది. ఒకటి ఫెయిలైతే దాని వెనక మిగతావి మీ లూప్‌లోలా నిలిచిపోవు. స్విచ్ మాత్రమే కాకుండా టెస్ట్, బూట్, డ్రై-యాక్టివేట్ కూడా ఇందులో పనిచేస్తాయి. డ్రై-యాక్టివేట్ ఏ సర్వీసులు రీస్టార్ట్ అవుతాయో ముందే చూపిస్తుంది. దాన్ని చదవకుండా నేను డేటాబేస్ మెషిన్ జోలికి వెళ్లను.

మెషిన్లు పెరిగేకొద్దీ మెమరీ చూసుకోండి. ఒక్కో నోడ్ ఇవాల్యుయేషన్‌కే వందల ఎంబీ పడుతుంది. 40 నోడ్లకు ఒకేసారి మొదలుపెట్టి నా ల్యాప్‌టాప్ గడ్డకట్టిపోయింది. ఇవాల్-నోడ్-లిమిట్ ఆప్షన్‌తో విడతలుగా చేయించాక సర్దుకుంది.

నా వరస మాత్రం టూల్ మీద ఆధారపడదు. ముందు ఒక్క వెబ్ మెషిన్. దాన్ని కనీసం అరగంట మానిటరింగ్‌లో చూస్తాను. తర్వాత మిగతా వెబ్ అన్నీ. డేటాబేస్‌లు ఒక్కొక్కటిగా. బ్యాకప్ మెషిన్ అన్నిటికంటే ఆఖర్న, అదీ మిగతావి కుదురుగా ఉన్నాయని తేలాకే. మీ లూప్‌లో బ్యాకప్ మెషిన్ మధ్యలో ఎందుకుంది? అక్షరక్రమంలో వచ్చిందా?

#7 గోరువంక

అవును, అక్షరక్రమమే. వరస గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

#8 చిన్న_సర్వర్

నా దగ్గరున్నవి చిన్న ఏఆర్ఎమ్ బోర్డులు, 22. నాకెదురైనవి వేరు కాబట్టి రాస్తున్నాను.

నా ల్యాప్‌టాప్ ఎక్స్86. బోర్డులకు బిల్డ్ చేయాలంటే బిన్‌ఎఫ్‌ఎమ్‌టీ ద్వారా క్యూఈఎమ్‌యూ ఎమ్యులేషన్ (ఏఆర్ఎమ్ ప్రోగ్రామ్‌లను ఎక్స్86 మీద నడిపే అనుకరణ) పెట్టుకోవచ్చు, ఒక్క లైన్ సెట్టింగు. బైనరీ క్యాష్‌లో (ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీలు దొరికే సర్వర్) ఉన్నవాటికి ఏ ఇబ్బందీ లేదు. క్యాష్‌లో లేని ప్యాకేజీ, ముఖ్యంగా సొంతంగా మార్చిన కెర్నల్ లాంటిది ఎమ్యులేషన్‌లో కంపైల్ చేస్తే రాత్రంతా సాగుతుంది. కోల్మెనాలో బిల్డ్-ఆన్-టార్గెట్ ఉంది కానీ 1 జీబీ ర్యామ్ ఉన్న బోర్డు మీద బిల్డ్ చేస్తే అది చేయాల్సిన అసలు పని ఆగిపోతుంది. చివరికి కాస్త బలమైన ఏఆర్ఎమ్ మెషిన్ ఒకటి రిమోట్ బిల్డర్‌గా పెట్టుకున్నాను. నాకు అదే సరిపోయింది.

రెండోది బూట్ పార్టిషన్. ప్రతి జనరేషన్‌కీ కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) అందులోకి కాపీ అవుతాయి. నా బోర్డుల్లో ఆ పార్టిషన్ చిన్నది. కొన్ని నెలల తర్వాత ఒకే రోజు 7 బోర్డులు బూట్‌లోడర్ దగ్గర ఫెయిలయ్యాయి, చూస్తే చోటు లేదు. బూట్‌లోడర్ సెట్టింగుల్లో కాన్ఫిగరేషన్ లిమిట్ 5 పెట్టి, వారానికోసారి గార్బేజ్ కలెక్షన్ (వాడుకలో లేనివాటిని తుడిచేయడం) ఆన్ చేశాను. మరీ 1కి తగ్గించకండి, వెనక్కి వెళ్లడానికి మెట్టు ఉండదు.

లైన్ నెమ్మదిగా ఉన్న చోట క్లోజర్ మొత్తం మన దగ్గర నుంచి పంపొద్దు. నిక్స్‌ఓఎస్-రీబిల్డ్‌లో యూజ్-సబ్‌స్టిట్యూట్స్ ఆప్షన్ పెడితే ఆ మెషినే క్యాష్ నుంచి నేరుగా దించుకుంటుంది. డిప్లాయ్-ఆర్‌ఎస్‌లో ఫాస్ట్-కనెక్షన్‌ని ఫాల్స్ అని పెడితే అదే ఫలితం.

#9 తాళంచెవి

సీక్రెట్ల (పాస్‌వర్డులు, టోకెన్లు) గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. గోరువంక గారూ, మీరు చేత్తో కాపీ చేస్తున్నారంటే ఒక మంచి సంగతి ఉంది: కనీసం కాన్ఫిగరేషన్‌లో రాయలేదు. నిక్స్ స్టోర్‌ని ఆ మెషిన్‌లోని ప్రతి యూజరూ చదవగలడు. పాస్‌వర్డ్‌ని నిక్స్ ఫైల్‌లో స్ట్రింగ్‌గా రాశారంటే నోటీసు బోర్డు మీద అంటించినట్టే. పైగా క్లోజర్‌తో పాటు బిల్డర్‌కీ, క్యాష్‌కీ కూడా వెళ్తుంది.

సీక్రెట్ల కోసం నేను సాప్స్-నిక్స్ అనే టూల్ వాడతాను. ఏజ్‌నిక్స్ కూడా మంచిదే, సరళంగా ఉంటుంది. రెండింటి ఆలోచనా ఒకటే: ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్ గిట్‌లో ఉంటుంది, స్టోర్‌లోకీ ఎన్‌క్రిప్ట్ అయిన రూపంలోనే వెళ్తుంది, యాక్టివేషన్ సమయంలో మాత్రమే ఆ మెషిన్ తన సొంత కీతో విప్పి రన్ డైరెక్టరీ కింద, అంటే మెమరీలో పెడుతుంది. ఆ సొంత కీ అంటే చాలామంది వాడేది మెషిన్ ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీయే. సాప్స్-నిక్స్ కోసం దాని పబ్లిక్ కీని ఎస్‌ఎస్‌హెచ్-టు-ఏజ్ అనే చిన్న టూల్‌తో మార్చుకుని రిపోలో రాసుకుంటాం.

ఇక్కడే అందరూ చిక్కుకునే ముడి ఒకటుంది. కొత్త మెషిన్‌కి హోస్ట్ కీ మొదటి బూట్‌లో పుడుతుంది. కానీ మొదటి బూట్‌కే సీక్రెట్లు కావాలి! దీనికి నేను హోస్ట్ కీని ముందే నా దగ్గర తయారు చేసి, సీక్రెట్లను దానికి ఎన్‌క్రిప్ట్ చేసి, నిక్స్‌ఓఎస్-ఎనీవేర్‌తో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎక్స్‌ట్రా-ఫైల్స్ ఆప్షన్ ద్వారా ఆ కీని లోపల పెడతాను. నిక్స్‌ఓఎస్-ఎనీవేర్ ఎస్‌ఎస్‌హెచ్ ఉన్న దాదాపు ఏ లైనక్స్ మెషిన్‌నైనా కెఎగ్జెక్ (నడుస్తున్న కెర్నల్ నుంచి నేరుగా ఇంకో కెర్నల్‌లోకి దూకడం) ద్వారా ఇన్‌స్టాలర్‌లోకి తీసుకెళ్లి, డిస్కో అనే టూల్‌లో రాసిపెట్టిన ప్రకారం పార్టిషన్లు చేసి, మీ ఫ్లేక్‌ని ఇన్‌స్టాల్ చేస్తుంది. డిస్కు మొత్తం తుడిచేస్తుంది కాబట్టి హోస్టు పేరు రెండుసార్లు చదువుకుని ఎంటర్ నొక్కండి.

ఒక మెషిన్‌ని తీసేసినప్పుడు దాని కీని జాబితాలోంచి తొలగించి మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేస్తే సరిపోతుందనుకోవద్దు. గిట్ చరిత్రలో పాత ఫైల్ ఉంది, ఆ కీ దాన్ని ఇప్పటికీ విప్పగలదు. అసలు పాస్‌వర్డులే మార్చాలి. ఇది చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి.

#10 గోరువంక

చాలా ఉపయోగపడింది తాళంచెవి గారూ. రూట్‌తో కాకుండా మామూలు యూజర్‌తో డిప్లాయ్ చేద్దామని ప్రయత్నించాను. 'నమ్మదగిన కీతో సంతకం లేదు' అన్న అర్థం వచ్చే ఎర్రర్‌తో కాపీ ఆగిపోతోంది. ఆ యూజర్‌ని ట్రస్టెడ్-యూజర్స్‌లో పెడితే పోతుందని ఒక చోట చదివాను, పెట్టొచ్చా?

#11 తాళంచెవి

పెడితే ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ ట్రస్టెడ్ యూజర్ అంటే దాదాపు రూట్‌తో సమానం, కావలసిన స్టోర్ పాత్‌ని సంతకం లేకుండా లోపల పెట్టగలడు. దానికంటే బిల్డ్ మెషిన్‌లో సైనింగ్ కీ ఒకటి తయారు చేసి, దాని పబ్లిక్ కీని 14 మెషిన్లలోనూ ట్రస్టెడ్ పబ్లిక్ కీల్లో చేర్చండి. మొదటిసారి మాత్రం ఆ మార్పుని రూట్‌తోనే పంపాలి.

#12 మధ్యగీత

అందరూ పుష్ గురించే, అంటే మన దగ్గర నుంచి పంపడం గురించే మాట్లాడుతున్నారు. మెషిన్లే తమంతట తాము రిపోని చూసి లాక్కునే పద్ధతి (పుల్) మేలని నా అభిప్రాయం. నిక్స్‌ఓఎస్‌లో ఆటో-అప్‌గ్రేడ్ మాడ్యూల్ ముందే ఉంది, డిఫాల్ట్‌గా తెల్లవారుజామున 4:40కి నడుస్తుంది. కోమిన్ అనే టూల్ అయితే గిట్ బ్రాంచ్‌ని గమనిస్తూ కొత్త కమిట్ రాగానే డిప్లాయ్ చేసుకుంటుంది. మెషిన్ నాట్ వెనక (బయటి నుంచి నేరుగా చేరలేని చోట) ఉన్నా, ఆ సమయానికి ఆఫ్‌లో ఉన్నా బెంగ లేదు. అన్నిటికీ రూట్ యాక్సెస్ ఉన్న కీ ఒక ల్యాప్‌టాప్‌లో ఉండటం నాకు నచ్చదు.

#13 పాతకాపు

ల్యాప్‌టాప్‌లు, ఎప్పుడు ఆన్ అవుతాయో తెలియని మెషిన్లు అయితే మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. సర్వర్ల విషయంలో నా జంకు ఒకటే. పుష్‌లో ఫెయిల్ అయితే నా కళ్ల ముందు కనిపిస్తుంది, అక్కడే ఆపేస్తాను. పుల్‌లో ఒక చెడ్డ కమిట్ అన్నిటికీ ఇంచుమించు ఒకేసారి చేరుతుంది, అదీ నేను నిద్రలో ఉండగా.

#14 మధ్యగీత

దానికి కోమిన్‌లో టెస్టింగ్ బ్రాంచ్ ఉంది. ఒక మెషిన్‌కి సంబంధించిన ఆ బ్రాంచ్‌కి కమిట్ పంపితే 'టెస్ట్' తరహాలో యాక్టివేట్ చేస్తుంది, బూట్ డిఫాల్ట్ మార్చదు. మీరు పైన చెప్పిన వరసే. ఆటో-అప్‌గ్రేడ్‌లో కూడా ర్యాండమ్ ఆలస్యం పెట్టుకోవచ్చు. కాకపోతే ఫెయిలైతే ఎవరికైనా తెలిసేలా అలర్ట్ పెట్టుకోవడం తప్పనిసరి, అది ఒప్పుకుంటాను. ఒకసారి మూడు వారాలుగా ఒక మెషిన్ అప్‌డేట్ కావడం లేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

#15 వలస_పక్షి

కొత్తవాణ్ని, ఒక ప్రశ్న. మాకు ఆన్సిబుల్ (ప్లేబుక్‌లో రాసిన టాస్కులను మెషిన్ల మీద నడిపే టూల్) ఉంది, 30 మెషిన్లు బాగానే నడుస్తున్నాయి. దీనికోసం ఇంత నేర్చుకోవాల్సిన పని ఉందా?

#16 చిన్న_సర్వర్

నేను ఆన్సిబుల్ నుంచే వచ్చాను. ప్లేబుక్‌లోంచి ఒక టాస్క్ తీసేస్తే మెషిన్ మీద అది చేసిన పని పోదు, పోవాలంటే తీసేయడానికి ఇంకో టాస్క్ రాయాలి. నాలుగేళ్ల క్రితం ఎవరో ఇన్‌స్టాల్ చేసింది ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ లైన్ తీసేస్తే సర్వీస్ పోతుంది. బాగా నడుస్తున్నవాటిని కదపకండి, కొత్తగా పెట్టే ఒకటి రెండు మెషిన్లతో మొదలుపెట్టి చూడండి.

#17 రాత్రి_డ్యూటీ

రోల్‌బ్యాక్ ఉందన్న ధీమాతో నేను తిన్న దెబ్బ కూడా చెప్పాలి, ఎందుకంటే గోరువంక గారికి 3 డేటాబేస్‌లు ఉన్నాయి.

కొత్త రిలీజ్‌కి వెళ్తున్నప్పుడు, అన్ని మెషిన్లూ పంచుకునే మాడ్యూల్‌లో స్టేట్‌వెర్షన్‌ని కూడా కొత్త అంకెకి మార్చాను. అది మార్చాలేమో అనుకున్నాను. నిజానికి ఆ అంకె మెషిన్ మొదట ఇన్‌స్టాల్ అయిన రిలీజ్‌ని గుర్తుపెట్టుకోవడానికి, అప్‌గ్రేడ్‌తో పాటు మార్చకూడదు. దాన్ని బట్టే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డిఫాల్ట్ వెర్షన్ నిర్ణయమవుతుంది. డేటా డైరెక్టరీ పేరులో ఆ మేజర్ వెర్షన్ నంబరు ఉంటుంది. ఫలితం ఏమిటంటే, కొత్త వెర్షన్ తన డైరెక్టరీ లేదని చూసి ఖాళీగా ఒకటి సృష్టించుకుని హాయిగా లేచి కూర్చుంది. ఏ ఎర్రర్ లేదు. ఎస్‌ఎస్‌హెచ్ అందుతోంది కాబట్టి మ్యాజిక్ రోల్‌బ్యాక్ కూడా సరే అంది. మా అప్లికేషన్ తన టేబుళ్లను తనే సృష్టించుకునే రకం కావడంతో అదీ నడిచింది, యూజర్లకు మాత్రం ఒక్క రికార్డూ కనబడలేదు.

గుండె ఆగినంత పనైంది. పాత డేటా చెక్కుచెదరలేదు, పాత డైరెక్టరీలోనే ఉంది. వెనక్కి తిప్పగానే తిరిగి వచ్చింది. కానీ మధ్యలో 40 నిమిషాల పాటు కొత్త డేటాబేస్‌లో పడిన ఎంట్రీలు? వాటిని చేత్తో ఒక్కొక్కటీ ఎత్తి పాతదాంట్లో చేర్చడానికి రెండు రోజులు పట్టింది.

జనరేషన్ అంటే ప్రోగ్రామ్‌లు, సెట్టింగులు. వర్ లిబ్ డైరెక్టరీ కింద ఉన్న డేటాని ఏ రోల్‌బ్యాకూ వెనక్కి తీసుకురాదు. ఇప్పుడు మా డేటాబేస్ మెషిన్లలో పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీ వెర్షన్‌ని స్పష్టంగా రాసి పెట్టాం, డిఫాల్ట్‌కి వదలలేదు. స్టేట్‌వెర్షన్ ఉమ్మడి మాడ్యూల్‌లో కాకుండా ప్రతి మెషిన్ సొంత ఫైల్‌లో ఉంది.

#18 పాతకాపు

ఇది ప్రతి ఒక్కరూ చదవాల్సిన పోస్టు. రాసినందుకు ధన్యవాదాలు.

2006లో ఈల్కో డోల్‌స్ట్రా నిక్స్ మీద రాసిన పీహెచ్‌డీ థీసిస్ అంశమే సాఫ్ట్‌వేర్ డిప్లాయ్‌మెంట్. ఒక చోట పనిచేసింది ఇంకో చోట అచ్చంగా అలాగే పనిచేయాలన్నదే ఆయన పట్టుకున్న సమస్య, దాన్ని నిక్స్ నిజంగా పరిష్కరించింది. స్టోర్ వరకూ ఆ మాట నిలుస్తుంది. మీ నెట్‌వర్క్ కార్డు పేరు, మీ డేటా ఈ రెండూ స్టోర్ బయటివి, వాటిని మనమే కాచుకోవాలి.

#19 గోరువంక

పది రోజుల తర్వాత వస్తున్నాను, ఏం చేశానో చెప్పడానికి.

డిప్లాయ్-ఆర్‌ఎస్ పెట్టాను, మ్యాజిక్ రోల్‌బ్యాక్ కోసమే. ఖాళీగా ఉన్న ఒక మెషిన్ తీసుకుని, నెట్‌వర్క్‌డీలోనే కార్డు పేరు కావాలని తప్పు రాసి పంపాను. కనెక్షన్ పోయింది. స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. 30 సెకన్లు దాటాక కాసేపటికి పింగ్ తిరిగి వచ్చింది. ఫైర్‌వాల్‌లో 22వ పోర్టు మూసేసి ఇంకోసారి చేశాను, అప్పుడూ వెనక్కి వచ్చింది.

కార్డుని ఇప్పుడు పేరుతో కాకుండా మ్యాక్ అడ్రస్‌తో మ్యాచ్ చేస్తున్నాను, ప్రతి మెషిన్ ఫైల్‌లో దాని అడ్రస్ విడిగా రాశాను. అడ్రస్ రాయని మెషిన్ ఉంటే ఇవాల్యుయేషన్‌లోనే ఆగిపోయేలా అసర్షన్ (షరతు తనిఖీ) పెట్టాను, బిల్డ్ దాకా కూడా వెళ్లదు. ఆ శుక్రవారం ఇది ఉండుంటే ఆ 6 గంటలు ఉండేవి కావు. స్టేట్‌వెర్షన్ చూసుకున్నాను, నాదీ ఉమ్మడి మాడ్యూల్‌లోనే ఉంది! విడదీశాను. సీక్రెట్లు సాప్స్-నిక్స్‌లోకి 14లో 11 మెషిన్లకు మారాయి, డేటాబేస్‌లు ఈ వారాంతం.

బ్యాకప్ మెషిన్ వరసలో ఆఖర్న ఉంది. దానికి నెట్‌వర్క్‌డీ మార్పు ఇంకా పంపలేదు. వచ్చే మంగళవారం ఒకరు దాని దగ్గర ఉంటారు, అప్పుడు 'బూట్' తో పంపి రీబూట్ చేస్తాను.

#20 పాతకాపు

మంచి పని. మంగళవారం రీబూట్‌కి ముందు నిన్నటి బ్యాకప్ ఒకటి తెరిచి, అందులోంచి ఒక ఫైల్ నిజంగా తిరిగి వస్తోందో చూడండి. ఫలితం ఇక్కడ రాయండి.